ఏడు నీళ్లు

కాలబార్‌లో వాన. కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది.
ఫ్రీజరులో ఎలుకల కాలేయాలు బతికిపోయాయి.

అఫియాంగ్ చేదాకును నీడన ఆరబెట్టి
పొడిచేసి, సారం తీసి
సీసా మీద తేదీ రాస్తుంది.
అదే ఆకును వాళ్లమ్మ
మార్కెట్ సందులో కూచుని
ఏడు నీళ్లు మార్చి పిసుకుతుంది,
నురగ పోయేదాకా,
పులుసుకు పనికొచ్చేదాకా.

"జన్మంతా నేను కాలవలో పారబోసిన నీళ్లనా
నువ్వు సీసాల్లో దాస్తున్నావు?"
నవ్వుతుంది తల్లి.
ఆవిడ ఎడమకాలికి రెండు వేళ్లు లేవు.

తుప్పంటే ఏమిటో ఆవిడకు వేరే చెప్పక్కర్లేదు.
ఉప్పుగాలికి రేకుల కప్పు
పొరలు పొరలుగా రాలడం చూసిందే.
నెత్తుట్లో చక్కెర ముదిరితే
లోపల వీచేదీ అదే గాలి, అంది కూతురు.

మూడో బోనులో ఏడో ఎలుక
ఈ వారం నీళ్లు తక్కువ తాగింది.
అఫియాంగ్ ఆ అంకె రాసి
కింద గీత గీయబోయి ఆగింది.
ఎలుక ఎలుకే. అమ్మ అమ్మే.

ఇంటికెళ్లి ముందు మాత్ర మింగించింది.
తర్వాత ఇద్దరూ గడపలో కూచుని
కడగని ఆకు చెరొకటి నమిలారు,
మొహాలు చిట్లించి,
ఒకరి మొహం ఒకరు చూసుకుని.