దాఖలు నంబరు పద్నాలుగు

నేను మినిట్స్ రాసే మనిషిని.
ఇరవై ఆరేళ్లుగా కోర్టుహౌస్ రెండో అంతస్తులో
రేడియేటర్ బుసకొట్టే మూల కుర్చీ నాది.
ప్రతిపాదించింది ఎవరు, బలపరచింది ఎవరు, ఓట్లెన్ని,
అంతే రాయాలి.
గొంతు వణికిందని రాయకూడదు.
ఎవరు ఎవరి మొహం చూసి చెయ్యెత్తారో
అసలే రాయకూడదు.

మా నెబ్రాస్కా కౌంటీలో ఉన్నది ఒక్కటే పార్టీ.
రెండోదానికి కార్యదర్శి ఉన్నాడు, పశువుల డాక్టరు.
సభ్యులున్నారో లేదో ఆయన్నే అడగాలి.
అందుకని నవంబరు మాకు లాంఛనం.
కొట్లాటంతా మే నెలలోనే,
ఒకే గొడుగు కింద
ఒకరి మోచెయ్యి ఒకరి డొక్కలో.

ఫిబ్రవరి, రెండో మంగళవారం.
ఐదో అంశం: రోడ్డు చదునుచేసే కొత్త గ్రేడరు,
మూడు లక్షల ఎనభై రెండు వేల డాలర్లు.
డెల్మర్ హాస్‌క్యాంప్, మా బోర్డు అధ్యక్షుడు,
ఆ అంకెని అన్నం ముందు ప్రార్థనలా
గొణిగి దాటేశాడు.
గ్రేడర్లు అమ్మేది ఆయన బావమరిది.
అత్తసొమ్ము అల్లుడి దానం.
వీధికుక్కలకి కూడా తెలిసిన సంగతి
కాగితం మీద పెడితే సిరా దండగ.

మూడో వరసలోంచి ఆర్డిస్ కుబిచెక్ లేచింది.
డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి, పార్టీ కమిటీలో పాత కాపు.
డెల్మర్ మొదటిసారి నిలబడ్డప్పుడు
మోకాళ్ల లోతు మంచులో గడపగడపా ఎక్కింది ఈవిడే.

"ప్లమ్ క్రీక్ వంతెన మూసి నాలుగేళ్లు.
స్కూలు బస్సు పదకొండు మైళ్లు చుట్టు తిరుగుతోంది.
మనది పొదుపు పార్టీ అని చెప్పి ఓట్లడిగాను, డెల్మర్.
నా చేత అబద్ధం చెప్పించావు."

మీ మూడు నిమిషాలూ అయిపోయాయి, అన్నాడు డెల్మర్.
నా గడియారంలో ఒకటిన్నర.

ఆవిడ కూర్చోలేదు. బయటికి నడిచింది.
మెట్ల మీద ఏదో ఈడుస్తున్న చప్పుడు.
తలుపు తెరుచుకుంటే ముందు చెక్క వచ్చింది,
వెనకాల ఆర్డిస్.
వంతెన పలక. మనిషంత పొడుగు,
ఒక కొస గట్టిగానే ఉంది, రెండో కొస
వేలు పెడితే లోపలికి దిగిపోయేలా.
బల్ల మీద పడేసింది. కాఫీ కప్పులు జరిగాయి.
నా వైపు తిరిగి,
"దీన్ని రికార్డులో చేర్చమ్మా."

చేర్చాను. అది నా ఉద్యోగం.
దాఖలు నంబరు పద్నాలుగు. చెక్క, ఒకటి.

గ్రేడరుకి అనుకూలం ఇద్దరు, వ్యతిరేకం ఒకరు.
ఆ ఒక్కడు ట్రెంట్ వోబొరిల్, కొత్తగా గెలిచిన కుర్రాడు,
చెయ్యెత్తినంతసేపూ
మనుషుల్ని కాదు, పలకనే చూశాడు.

ఆ శనివారం ఫైర్‌స్టేషన్ హాల్లో పార్టీ విరాళాల వేలం.
ఎప్పట్లాగే ఆర్డిస్ రూబార్బ్ పై చేసుకొచ్చింది.
నాలుగు వందల డాలర్లకి పాడుకున్నాడు డెల్మర్,
ఆవిడ కళ్లలోకి చూడకుండా.
చప్పట్లు. పెట్టెలో డబ్బు పడింది.
ఆవిడ దగ్గరికెళ్లి అన్నది ఒకటే మాట:
"గిన్నె తిరిగివ్వు. అది కౌంటీది కాదు."

చెక్క ఏ సొరుగులోనూ పట్టలేదు.
నా బల్ల పక్కన, రెండు బీరువాల నడుమ
గోడకి చేరగిల్లి ఉంది.
పారేయనా అని ఊడ్చే అమ్మాయి అడిగింది.
ఏడేళ్లు భద్రపరచాలి, నిబంధన, అన్నాను.
ఎప్పుడూ నిబంధనల్ని ఇంత ఇష్టంగా పలకలేదు.

కిటికీ కింద కొత్త గ్రేడరు,
పసుప్పచ్చగా, ఎండలో మెరుస్తూ.
పొద్దున్నే తలుపు తీసేసరికి
పలక కింద గోధుమరంగు పొడి.
ఏ పద్దు కింద రాయాలో తెలియదు.
చీపురు తెచ్చుకుని నేనే ఊడుస్తాను.
ఇవాళ కాస్త ఎక్కువే రాలింది.