చేతి చమురు

మార్చి నెలాఖరు. వంటింటి బల్ల మీద
డీజిల్ రసీదులు, చల్లారిన కాఫీ,
మెయిన్ రాష్ట్రం పంపిన నాలుగు పేజీల ఫారం.
మా స్నోమొబైల్ క్లబ్బుకి కోశాధికారిని నేను,
పదకొండేళ్ళుగా. ఇంకెవరూ ఒప్పుకోక.

ఎన్ని మైళ్ళు చదును చేశారు?
నూట ఆరు.
ఎన్ని గంటలు?
ఒనేజిమ్ చొక్కా జేబులోంచి తీసిచ్చిన అట్టముక్క మీద
పెన్సిల్ గీతలు, ఐదేసి కట్టలుగా.
ఊరు దీపాలార్పాక బయలుదేరతాడు
ఇనప గుంటకని ట్రాక్టరు వెనక తగిలించుకుని,
బంగాళదుంప పొలాల మీదుగా,
అవతలి గట్టున కెనడా దీపాలు కనిపించే నది వెంట,
గతుకుల్ని చెక్కి, నొక్కి, దువ్వి
తెల్లారేసరికి దారి పరుస్తాడు.
తొమ్మిదింటికల్లా ఎవడో కుర్రాడు
దాన్ని చిందరవందర చేసి పోతాడు.
"అందుకే కదా పరిచింది," అంటాడు ఒనేజిమ్.
ఒక నక్క రోజూ తన వెనకే వస్తుందట,
గట్టిపడ్డ మంచులో కాళ్ళు కూరుకుపోవని.
దానికి ఫారంలో గడి లేదు.

డెబ్బై శాతం వాళ్ళిస్తారు,
బళ్ళ రిజిస్ట్రేషన్ రుసుములోంచి,
పెట్రోలు పన్నులో ఒక చెంచాడు తీసి.
మిగతాది చేతి చమురు:
బీన్సు విందులు, లాటరీ టికెట్లు,
మా ఆయన పోయాక నేను క్లబ్బుకిచ్చేసిన
వెల్డింగ్ మిషను.

నిరుడు ఊరి సభలో డెల్ఫీన్ సీర్ లేచింది.
"వాగు మీద వంతెనకి మన వాటా పద్దెనిమిది వేలు.
బడి బస్సు ఒక ట్రిప్పు ఎత్తేశారు.
నాకు బండి లేదు, బండెక్కే నడుమూ లేదు.
ఆ మోత వినడానికి నేనెందుకు పన్ను కట్టాలి?"
నా దగ్గర లెక్కలున్నాయి: మోటెల్ గదులు, పెట్రోలు బంకు,
ఫిబ్రవరి ఒక్క నెలే నిండే గిస్లెన్ హోటలు.
చదివాను. నా గొంతు నాకే రసీదులా వినిపించింది.
చేతులెత్తారు. నలభై ఒకటి, ముప్పై ఎనిమిది.
వంతెన వచ్చింది. బస్సు రాలేదు.

ఈ జనవరంతా వాన.
నిధులున్నాయి, మంచు లేదు.
మంచు కొనుక్కోమని ఏ పద్దులోనూ రాయలేదు.

ఫిబ్రవరిలో పడింది చివరికి.
ఒక పొద్దున వంతెన చూడబోతే
కర్ర పట్టుకుని, గుడ్డి కుక్కని నడిపించుకుంటూ
ఎదురొచ్చింది డెల్ఫీన్.
"ఏం చూస్తావ్? నా పన్ను మీద నేను నడుస్తున్నా."
రెయిలింగు ఒకచోట వదులైందట,
మేకు కొట్టించమంది.

ఎంతమంది వాడారు? చివరి గడి.
వంతెన కింది యంత్రం ఇంజన్లనే లెక్కపెడుతుంది.
పంతొమ్మిది వందల పన్నెండు, అని రాశాను.
కాసేపాగి కింద, మార్జిన్లో,
రెండు మేకులు, డాలరున్నర, రసీదు లేదు, అని.

కొట్టేస్తారు. తెలుసు.