పదిహేడో గడి

మాంటెవిడియోలో జూలై అంటే నడిచలికాలం.
నది మీంచి వచ్చే గాలి
కోటు గుండీల సందులు వెతుక్కుంటుంది.
బూట్ల షాపు ముందు నిలబడి
కొనడానికొచ్చిన మనిషి ముఖం పెట్టుకున్నాను.

అదే నా ఉద్యోగం.
ముప్పై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాక
ఇప్పుడు ఉత్తుత్తి గిరాకీని.
పంపింది ఈ షాపు ఓనర్లే.
లోపలివాళ్ళకు నేనెవరో తెలియదు,
తెలియదు కాబట్టి
వచ్చిన ప్రతి మనిషిలోనూ నన్ను చూసి నవ్వుతారు.

సంచిలో కాగితం, పదిహేడు గడులు.
పది సెకన్లలో పలకరించారా?
పేరు అడిగి పేరుతో పిలిచారా?
రెండో వస్తువు చూపించారా?

పలకరింపు ఏడు సెకన్లకే వచ్చింది.
కుర్రాడి ఛాతీ మీద పేరుబిళ్ళ: యమందూ.
"మీ పేరు?"
"నెలీదా."
ఆ పూటకి అదొక్కటే నిజం చెబుదామనుకున్నాను.

తోలు వాసన. తోలుది కాదు,
గుమ్మం పైన చిన్న మిషను నిమిషానికోసారి ఊదేది.
పాట నిదానం, మన నడకనీ నిదానం చేయడానికి.
అద్దం కాస్త వెనక్కి వాలి ఉంది,
అందులో నా కాళ్ళకి పాతికేళ్ళు.
రెండువేల తొమ్మిదొందల తొంభై:
పది తక్కువ మూడువేలని తెలుసు, లెక్కల టీచర్ని,
అయినా నాలిక రెండువేల దగ్గరే ఆగింది.
చెయ్యి దానంతటదే పర్సు మీదకు పోయింది.

స్టాకు గది తలుపు ఓరగా ఉంది.
గోడ మీద బోర్డు, పేర్లు, పక్కన నక్షత్రాలు.
గ్లాడిస్‌కి పదకొండు.
యమందూకి రెండు,
అందులో ఒకటి జిగురు ఊడి వేలాడుతోంది.

మోకాళ్ళ మీద కూర్చుని నా మడమ పట్టుకున్నాడు.
బొటనవేలి పక్క బుడిపె మీద అతని వేలు ఆగింది.
"రోజుకి ఎన్ని గంటలు నిలబడతారు?"
గడుల్లో లేని ప్రశ్న.
"షాపులు తిరుగుతుంటాను" అన్నాను. నోరు జారింది.

వెనక్కి చూశాడు. మేనేజరమ్మ ఫోనులో ఉంది.
"ఇవి కరుస్తాయండీ.
వాడగా వాడగా మెత్తబడతాయని చెప్పమంటారు. పడవు.
మీ పాతవాటి పైతోలు గట్టిది.
ఎదురు సందులో రూబెన్ అని ముసలాయన,
కొత్త అడుగు కుడతాడు.
నేను పంపానని మాత్రం చెప్పకండి."

అమ్మడానికి ప్రయత్నించారా? లేదు.
పోటీదారు పేరెత్తారా?
ఆ గడి ఎర్ర అక్షరాల్లో ఉంటుంది.
రెండింట్లో ఊడేది ఏ నక్షత్రమో నాకు తెలుసు.
తప్పు నింపితే నాకూ మార్కులు పోతాయి.
నన్ను చూసేవాళ్ళు వేరే ఉన్నారు,
వాళ్ళని చూసేవాళ్ళు ఇంకెక్కడో.

లేక కనిపెట్టేశాడా?
సంచిలోంచి పెన్ను తల బయటికి ఉంది.
తెలిసే చెప్పాడా, తెలియకా,
ఏదైతే ఎక్కువ మంచితనమో తేల్చుకోలేక
ఒక కాలికి బూటుతో, ఒక కాలికి మేజోడుతో
కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

తర్వాత నేనే అడిగాను,
"పాలిష్ డబ్బా ఏదైనా చూపిస్తావా?"
నల్లది తెచ్చాడు.
నూట ఎనభై పెసోలు, నా సొంతవి, ఎవరూ తిరిగివ్వరు.
ఇంట్లో ఇప్పటికే రెండున్నాయి.
సంచిలో కొసరుగా ఒక జత లేసులు వేశాడు,
కంప్యూటరు వైపు చూడకుండా.
ఎందుకు కొన్నానని ఏ గడీ అడగలేదు.

బస్సులో ఒళ్ళో కాగితం పెట్టుకుని నింపాను.
రెండో వస్తువు చూపించారా? అవును.
ఎవరు అడిగితే అన్నది ప్రశ్నలో లేదు.
రూబెన్ బూట్లు అమ్మడు, కుడతాడు, కాబట్టి పోటీదారు కాడు.
ఇలాంటి జవాబుకి క్లాసులో సగం మార్కులే వేసేదాన్ని.
పదిహేడోది: మళ్ళీ వస్తారా? ఎందుకు?
ఒక్క గీతంత చోటు.
"కరుస్తాయని చెప్పాడు" అని రాశాను.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోను. కొత్త పిల్ల గొంతు.
"మేడం, ఆఖరి గడి అర్థం కాలేదు.
దీన్ని ప్లస్సులో వేయాలా, మైనస్సులోనా?"

నా బూట్లు రూబెన్ దగ్గరున్నాయి.
చల్లటి గచ్చు మీద వట్టికాళ్ళతో నిలబడి
"రోజుకి ఎన్ని గంటలు కూర్చుంటావమ్మా?" అన్నాను.