జొన్నగిరి మట్టి

తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి చేలల్లో అందరి నడుములూ వంగే ఉంటాయి.
ఆదోని నుంచి, గుత్తి నుంచి, ఎక్కడెక్కడి నుంచో
సద్దిమూటలతో వచ్చి
మట్టిని కళ్ళతో జల్లెడ పడుతుంటారు.
నేనూ వంగాను.
నా చేతిలో చెంచా, ఉడకబెట్టిన సీసా,
సీసాకి అంటించిన చీటీ.

"ఏం మద్దిలేటీ, దొరికెనా?"
పక్క సాలులోంచి ఉసేనమ్మ, తల ఎత్తకుండానే.
"దొరికింది అవ్వా."
కుంటుకుంటూ గబగబా వచ్చింది.
సీసాలోకి చూసింది. నన్ను చూసింది.
"ఇది మన్ను గదప్పా!"

కర్నూల్లో, మా ల్యాబులో,
ఆ మన్ను మూడోనాడు బూజు పట్టింది.
మామూలు బూజే. ఊరగాయ మీద కనిపిస్తే
మా అమ్మ గరిటెతో తీసి పారేసేది.
నేను చక్కెర పెట్టి సాకాను.
ఊగే యంత్రం మీద రాత్రులంతా జోకొట్టాను.
తర్వాత దాన్ని వడకట్టి తీసేసి
మిగిలిన ఎంగిలి నీళ్ళలో
వెండి ఉప్పు చిటికెడు కలిపి
చీకట్లో పెట్టి
వరండాలో కూర్చున్నాను.

తెల్లారేసరికి
నీళ్ళు డికాక్షన్ రంగుకి తిరిగాయి.
కొలిమి లేదు, పొగ లేదు.
షరాఫ్ బజారులో ఏ కంసాలీ
వెండిని ఇంత సన్నంగా కొట్టలేడు,
వెంట్రుకను నాలుగు వేల పోగులు చీలిస్తే
అందులో ఒక్క పోగంత.
ఎంగిలి అంటే ఛీ అంటాం.
ఆ ఎంగిలే చేసింది ఈ పని.

పెద్దాసుపత్రి పుండ్ల వార్డు నుంచి
ఒక చీము క్రిమి వచ్చింది మా దగ్గరికి.
దాని రిపోర్టు నిండా ఒకటే అక్షరం:
ఆర్. ఆర్. ఆర్.
ఏ మందుకీ లొంగదని.
దాన్ని ప్లేటంతా పరిచి
నడుమ నా గోధుమరంగు చుక్క వేశాను.

మర్నాడు ప్లేటంతా తెల్లగా మొలిచింది,
చుక్క చుట్టూ తప్ప.
పద్నాలుగు మిల్లీమీటర్లు.
స్కేలు పెట్టి మూడుసార్లు కొలిచాను.
వజ్రాల చేనులో
నాకు దొరికింది ఇదీ:
గుండ్రటి ఖాళీ.

మళ్ళీ వాన.
ఉసేనమ్మ అరికాలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది.
చక్కెర రోగం, ముల్లు, ఎనిమిది నెలలుగా మానని పుండు.
"ఆ మందేదో నాకు పుయ్యరాదా?"
"ఇంకా ప్లేటు దాటలేదవ్వా.
ముందు ఎలకలు. ఆ తర్వాత ఎన్నో కాగితాలు.
వెండి ఎక్కువైతే మనకూ విషమే."
"ఎన్నేండ్లు పడుతుందప్పా?"
తెలీదన్నాను.

కాసేపు నా సీసాకేసి చూసింది.
"నేను ముప్పై వానల నుంచి ఎతుకుతాండా"
అని
మళ్ళీ వంగింది.