లెక్కలోకి రాని గాలి

ఉండి లాకులు దాటాక, ఐసు ఫ్యాక్టరీ పక్కన నా షెడ్డు.
పొద్దున్నే ఒక పాత ఆక్టేవియా వచ్చి ఆగింది.
ఆగినచోటే వణుకుతోంది,
దుప్పటి కింద చలిజ్వరం మనిషిలా.

పెనుమత్స వారి కుర్రాడు వర్ధనరాజు దిగాడు.
రొయ్య రేటు బాగున్న ఏడు కొన్న బండి.
బెంగళూరు నుంచి నీలం సిలికాన్ గొట్టం,
పుచ్చకాయంత ఫిల్టరు, లావు సైలెన్సరు,
ల్యాప్‌టాప్‌లో రాయించుకొచ్చిన కొత్త మ్యాపు.
"అన్నీ వేయించానండి మరియదాసుగారూ,
ఈ పసుపు లైటొక్కటే పోవట్లేదు. చెరిపేద్దురూ."

స్కానరు తగిలించాను.
పీ, సున్నా, ఒకటి, ఏడు, ఒకటి.
గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ.

"గాలి ఎక్కువైతే మంచిదే కదండీ?
మా చెరువులో రాత్రంతా ఏరేటర్లు తిప్పేది అందుకేగా?"

రొయ్యకి గాలి ప్రాణం. ఇంజనుకీ ప్రాణమే,
కానీ దానికి లెక్క చెప్పి రావాలి.
మూతి దగ్గర సన్నటి తీగ ఒకటి
వచ్చే గాలినల్లా కొలిచి కంప్యూటరుకి చెబుతుంది,
కాలువ మీద లస్కరులా.
దాన్ని దాటాక దూరిన గాలి
ఎవరి పద్దులోనూ ఉండదు.

మా నాన్న ఏసోబు లస్కరు.
పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి
గేజి రాయి చూసి కాకీ అట్ట రిజిస్టరులో రాసేవాడు.
ఒక దాళ్వాలో
తూము దగ్గర నాలుగడుగుల నీళ్ళు, శివారు చేలో నెర్రెలు.
నాన్న ఊకబస్తా భుజాన వేసుకుని గట్టెంట నడిచాడు,
నేను వెనకాల.
గుప్పెడు గుప్పెడు వదిలాడు నీళ్ళలో.
తేలుతూ తేలుతూ పోయిన ఊక
ఒకచోట గిర్రున తిరిగి
గుర్రపుడెక్క కింద మాయమైంది.
చెయ్యి పెడితే ఎనిమిదంగుళాల పైపు.
అవతల చేపల చెరువు.
ఎవరి చెరువో రిజిస్టరులో రాశాడు, ఇంటిపేరుతో సహా.
మూడో వారం మొగల్తూరు అవతలికి బదిలీ.

సరే, బండి.
ఐడిలింగులో ట్రిమ్ము ఇరవై నాలుగు.
మూడు వేలకి రేజ్ చేస్తే తొమ్మిదికి దిగింది.
పంపు నీరసమైతే పరుగులో పెరగాలి ఈ అంకె.
నిలబడ్డప్పుడే పెరిగిందంటే
ఎక్కడో దొంగచాటుగా పీలుస్తోంది.

చిట్టియ్య పొగడబ్బా తెచ్చాడు:
పాత పెయింటు డబ్బా, గ్లో ప్లగ్గు,
పసిపిల్లల నూనె, అక్వేరియం పంపు.
పొగ వదిలి, టార్చి పట్టుకుని కూచున్నాం.
నీలం గొట్టం బిగువుగానే ఉంది. క్లాంపులూ అంతే.
ఒక నిమిషం. రెండు.
అప్పుడు మానిఫోల్డు కింద నుంచి
అగరొత్తి పొగంత సన్నగా లేచింది.
కంపెనీ వాళ్ళు వేసిన రబ్బరు గొట్టం,
పదేళ్ళు దాటింది, బెరడులా గట్టిపడింది,
కొత్త సామాను బిగించేటప్పుడు మడతపడి చిట్లింది.
దాన్ని ఎవరూ కొనలేదు, అందుకే ఎవరూ చూడలేదు.

"చెరిపేస్తే పోయేది కదండీ" అన్నాడు మళ్ళీ.
"లైటు పోద్ది రాజుగారూ.
లోపల మంట వేడెక్కి వేడెక్కి
పిస్టను నెత్తిన చిల్లు పెట్టేస్తది."

చెరువులెక్కడ మీవి, అన్నాను గొట్టం కోస్తూ.
చెప్పాడు. తాతగారు తవ్వించినవట.
కత్తెర ఒక్క క్షణం ఆగింది.
తర్వాత కోసింది.

గొట్టం మూడొందల ఎనభై, కూలి వెయ్యి.
వణుకు ఆగింది. ట్రిమ్ము నాలుగుకొచ్చింది.
సున్నా కాదు. ఆ నాలుగూ లావు గొట్టానివో,
మ్యాపు రాసినవాడివో, నాకింకా తెలీదు.

బిల్లు వెనక రాసిచ్చాను:
తేదీ, కోడు, చిల్లు ఎక్కడ దొరికిందో,
బండి ఎవరిదో, ఇంటిపేరుతో సహా.

చదవకుండానే మడిచి
జేబులో పెట్టుకున్నాడు.