లీటరుకు పదకొండు

ఇరవై రెండిస్తదన్నడు షోరూం పిలగాడు,
టై సర్దుకుంట.
ఆ ఒక్క మాట మీద ఐదేండ్ల కిస్తీలకు సంతకం పెట్టినం,
నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కిచ్చినం.

నేను నడుపుత. ఆయన లెక్క రాస్తడు.
గ్లోవ్‌బాక్సుల ఎల్ఐసీ డైరీ, దానికి దారం కట్టిన పెన్ను.
ట్యాంకు ఫుల్లు చేయించిన తారీకు, మీటరు అంకె,
పోసిన లీటర్లు, కింద ఒక గీత.
పంపు కాడ "జీరో చూడుండ్రి సార్" అనకముందే
దిగి మెషిను ముంగట నిలబడ్తడు.
ఎన్ని జీరోలు చూసినా
గీత కింద పదకొండే.

ఒక్కసారి, దసరా వారం,
షహరంత ఊర్లకు పోయినప్పుడు
పద్నాలుగు వచ్చింది.
ఆ రాత్రి బిర్యానీ తెప్పిచ్చిండు.
మిగిలిన పెట్రోలు కన్నా దానికే ఎక్కువైంది.
నేనేం అనలే.

తర్వాత వైద్యం మొదలైంది.
ఆదివారం పొద్దుగాల, బండి చల్లగున్నప్పుడే గాలి.
డిక్కీలకెల్లి నా గొడుగు, పిల్ల స్కేటింగ్ బూట్లు,
మా తోడికోడలుకు తిరిగియ్యాల్సిన పెద్ద గిన్నె
బరువని దించిండు.
నా దిక్కు గూడ చూసిండు గాని, దించలే.
"బ్రేకు ఎందుకు తొక్కుతవ్, ముందే కాలు తియ్యి.
యాక్సిలేటర్ను పసిపిల్ల ఈపు తట్టినట్టు తట్టాలె."
పక్కన ఆటోవాలా ఈపు మీద ఈడ్చి కొట్టినట్టు హారన్ కొడ్తుంటడు.

అల్వాల్ నుంచి మాసాబ్ ట్యాంకు.
తిరుమలగిరి దాక బండి బండి లెక్కనే పోతది.
ప్యారడైజ్ కాడ మూడు పచ్చలైట్లు పోతె గాని మా వంతు రాదు.
బేగంపేట కాడ ఇంజను బంద్ చేయమంటడు.
తొంభై సెకన్లు.
పక్క బండ్ల ఏసీ నీళ్లు రోడ్డు మీద చుక్కలు చుక్కలు.
ఎనక సీట్ల సుప్రజ, యూనిఫాం ఈపుకు అంటుకొని,
డెబ్బై, అరవై తొమ్మిది, అరవై ఎనిమిది అని
ఎనక్కి లెక్కపెడ్తది.
తండ్రి బిడ్డ.

బడి కాడ పిల్ల దిగుతది.
పంజాగుట్టల ఆయన దిగుతడు,
కిటికీల తలకాయ పెట్టి మీటరు ఇంకోసారి చూసి.

ఇగ ఇది ఏ డైరీల లేదు:
ఆఫీసు సెల్లార్ల, మూడో స్తంభం పక్కన బండి పెట్టి
నేను దిగ.
ఇంజను నడుస్తనే ఉంటది, ఏసీ రెండు మీద.
సీటు ఎనక్కి వాల్చి చెప్పులు ఇడుస్త.
ఫోను బ్యాగులనే.
పావుగంట.
ఎవ్వరి అమ్మను కాను, మేడంను కాను,
పొయ్యి మీద ఏం పెట్టి రాలే.
బండి కింద నుంచి సన్నగ వణుకుతది,
నిద్రపోయే జంతువు లెక్క.
రెండు కిలోమీటర్ల పెట్రోలు. నాకు తెలుసు.
నేను గూడ లెక్కలోని పెండ్లాన్నే.

పోయిన నెల ఖార్ఖానల జబ్బార్ భాయ్
స్పార్క్ ప్లగ్గులు ఇప్పి ఎలుతురుకు పట్టి చూసిండు.
మసి.
గోరుతోని కొంచెం గీకి, నా దిక్కు చూసి,
"బండి నిలబడి బాగ తాగుతున్నదమ్మా" అన్నడు మెల్లగ.
ఆయన డైరీ పట్టుకొని ఉరికొచ్చి "ఏమన్నవ్ భాయ్" అంటె
ప్లగ్గు తుడ్సుకుంట
"బండికేం రోగం లేదు సాబ్. షహర్‌కుంది" అన్నడు.

నిన్న ఫుల్లు చేయించినం. పది పాయింటు ఎనిమిది.
"ఎటు పోతున్నదో సమజైతలేదు" అని
పెన్ను దారం వేలికి చుట్టుకున్నడు.
సిగ్నల్ పడ్డది. నేనే ఇంజను బంద్ చేసిన,
ఆయన చెప్పకముందే.
"రోడ్డే బాగలేదు" అన్న.
ఎనక నుంచి సుప్రజ: ఎనభై తొమ్మిది, ఎనభై ఎనిమిది.