రెండు వేళ్ళ లోతు

మిఖేలు సంత అయి నాలుగు రోజులు.
గౌయా నది మీద పొగమంచు పది గంటలైనా లేవదు.
కొంగలు ఆగస్టులోనే వెళ్ళిపోయాయి,
బంగాళాదుంపలు గోతాలకెక్కాయి.
పార పట్టుకుని నేను
గోడవారనున్న పియొనీ ముందు నిలబడ్డాను,
పదకొండేళ్ళ బాకీ వసూలుకి వచ్చినదానిలా.

పదకొండు వసంతాలు.
మంచు పూర్తిగా కరగకముందే
బీట్‌రూట్ రంగు మొలకలు తోసుకొచ్చేవి.
ఆకులు వచ్చేవి, నవనవలాడుతూ, సిగ్గులేకుండా.
జూన్‌లో వీధి వీధంతా
అరచేతులు చాలనంత పువ్వులు బరువుకి వాలిపోతుంటే
మా గుమ్మం ముందు
ఆకు, ఆకు, ఆకు.

గొడ్డు వేరు ఇచ్చిందన్నాను వెల్టాని.
మొదట ఇల్మార్స్‌తో. తర్వాత రొట్టెల కొట్లో.
ఆ తర్వాత చర్చి మెట్ల మీద, ఆమెకి వినపడేంత దగ్గర్లో.
"తన చెట్టుకి పోటీ అవుతుందని
ఏరి మరీ చచ్చుది ఇచ్చింది."
గొడ్డు అన్న మాట
ఎవరి ముందు అంటున్నానో నాకు తెలుసు.
ఆ ఇంట్లో ఉయ్యాల ఎన్నడూ ఊగలేదని
తెలిసే అన్నాను.

పార దిగింది. ఏమీ తగల్లేదు.
ఇంకా దిగింది.
బోర్లించిన బకెట్ మీద కూర్చుని
మోకాళ్ళు రుద్దుకుంటూ ఇల్మార్స్ చూస్తున్నాడు.
చివరికి బోర్లా పడుకుని
మోచేతి దాకా చెయ్యి పెడితే గానీ
వేరు దొరకలేదు.

"ఇంత లోతా?"
"ఆ ఏడు చలి ఎక్కువన్నారు గదా,
వెచ్చగా ఉంటుందని..."

వెచ్చగా!
చలి తింటే తప్ప పూయనిదాన్ని
చలి నుంచి కాపాడుకొచ్చాడు నా మొగుడు.

పంపు కింద కడిగాను.
మట్టి ఊడింది. మా నాన్న చేతివేళ్ళలా
మెలిపడ్డ దుంపలు. వాటి తల మీద
ఎర్రగా, బిగుసుకుని, కళ్ళు.
తొమ్మిది లెక్కపెట్టాను.
మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే.
ఒక్కటీ చావలేదు.

వంటింటి కత్తితో కోసి, కోతకి బూడిద అద్దాను.
నాలుగు కళ్ళు మాకు, అయిదు ఆమెకి.
మా ముక్క పాతేటప్పుడు
చూపుడువేలు, నడిమివేలు అడ్డంగా పెట్టి కొలిచాను.
అంతే మట్టి. అంతకు మించి పిడికెడు కూడా వెయ్యనివ్వలేదు.
చుట్టూ తులిప్‌లు పెడదామన్నాడతను.
ఎలుకలకి విందు పెట్టడం ఎందుకు,
సంతలో కొన్న నార్సిసస్ గడ్డలు పెట్టాం, చేదువి.
మొన పైకి, గడ్డం కిందికి.
ఇల్మార్స్ ఒకటి తలకిందులుగా పెట్టాడు.
చూశాను. సరిచెయ్యలేదు.
వంకర తిరిగైనా పైకే వస్తుంది అది.

అయిదు కళ్ళనీ తడి గుడ్డలో చుట్టి
వెల్టా గేటు దాకా మోసుకెళ్ళాను.
దారంతా మాటలు కూర్చుకున్నాను.
గడియ మీద చెయ్యి పడేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"లోతైంది," అన్నాను.
"మాదే."

ఆమె గుడ్డ విప్పింది.
బొటనవేలితో ఒక్కొక్క కన్నూ తడిమింది,
జ్వరం చూసినట్టు.
"రెండు వేళ్ళు," అంది.
"ఆ రోజే చెప్పాను.
నువ్వు పువ్వు ఏ రంగని అడుగుతున్నావు."

లోపలికి రమ్మనలేదు.
రమ్మంటే ఏం చేసేదాన్నో నాకూ తెలీదు.
పొద్దుగూకాక మా కిటికీలోంచి చూస్తే
ఆమె పెరట్లో నేల మీద టార్చిలైటు,
దాని పక్కన వంగిన వీపు.

కదిపిన పియొనీ అలుగుతుంది.
రెండేళ్ళు, ఒక్కోసారి మూడు.
నాకు డెబ్బై ఒకటి.
ఆమెకి ఇంకో రెండెక్కువ.

ఈ పొద్దున గడ్డి మీద తొలి మంచు.
ఇల్మార్స్ చేతులనిండా ఎండుటాకులు తెచ్చాడు,
కప్పబోయాడు.

వద్దు, అన్నాను.
చలి తగలనీ.